మన గుట్ట ముచ్చట మనమే చెప్పాలె

మీది ఏ ఊరని పట్నంల ఎవరన్నా అడిగితే ‘మందమర్రి’ అంటం. ‘ఓ, సింగరేణా!’ అంటరు. మన ఊరి ముచ్చట ఆడికే ఒడుస్తది. అంతకుమించి మనం గూడ చెప్పం. చెప్పేటందుకు లేక కాదు, మనకు ఎవరూ చెప్పక.

మందమర్రి మండలం బొక్కలగుట్ట దగ్గర అడవిల గాంధారి ఖిల్లా ఉన్నది. ఇసుకరాతి గుట్ట. రాయిని తొలిచి మెట్లు చేసిన్రు, బండల మీద దేవుళ్ల బొమ్మలు చెక్కిన్రు. ఏటా నాయకపోడ్లు ఈడ గాంధారి మైసమ్మ జాతర చేస్తరు. మనం పోతం, మొక్కుతం, సెల్ఫీ దిగి వస్తం. ఆ మెట్లు ఎందుకు చెక్కిన్రు, గుట్ట మీద నీళ్లకు ఏం చేసిన్రు అని మాత్రం అడగం.

హైదరాబాద్‌ చార్మినార్ కాడ హెరిటేజ్ వాక్‌లు ఏండ్ల సంది నడుస్తున్నయ్. పది ఇరవై మంది కలిసి నడుస్తరు. తెలిసినోళ్లు ఆగిన కాడల్లా చరిత్ర చెప్తరు. కెనడాలోని టొరంటోల 2007ల మొదలైన ‘జేన్స్ వాక్’ల అయితే టికెటే ఉండదు. ఆ గల్లీల ఉండేటోళ్లే తమ గల్లీ ముచ్చట చెప్తరు. మనకు కావాల్సింది గిసొంటిదే.

ఊరోళ్లు చూసింది చరిత్ర ఎట్లయితదో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలను చూస్తే తెలుస్తది. ఆడ దొరికిన పాత నాణేలను సంగనభట్ల నరహరి శర్మ పోగుజేసి పండితుల దాకా చేర్చిన్రు. అండ్ల శాతవాహనుల తొలి రాజు చిముకుని నాణేలు ఉన్నయని తేలింది. తర్వాత పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. ఆ నాణేలను చిల్లర కింద లెక్కగట్టి పారేస్తే ఏమయ్యేది?

మన నడకకు రెండు తొవ్వలు ఉన్నయ్. ఒకటి ఖిల్లా. జాతర సంగతి చెప్పమని నాయకపోడు పెద్దమనిషిని పిలవాలె. అది అడవి కాబట్టి ఫారెస్టోళ్లకు ముందుగాల్నే చెప్పాలె. రెండోది మందమర్రి టౌన్. బాయిలు, కార్మికుల క్వార్టర్లు, పాత బజారు. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన తాతను ముందట నడిపియ్యాలె. మన కాళ్ల కింది బొగ్గు 25 కోట్ల ఏండ్లకు పైబడ్డది. ఆ రాళ్లను ప్రపంచమంతా ‘గోండ్వానా’ అంటది. ఆ పేరు మన గోండుల నుంచే పోయింది. ఇది సైన్సు సారు చెప్పాలె.

కొన్ని పద్ధతులు పాటించాలె. జనం చెప్పుకునే కథను కథ లెక్కనే, శాసనం చెప్పేదాన్ని ఆధారం లెక్క రాసుకోవాలె. రెండూ కలిపితే చరిత్ర ఆగమైతది. బొమ్మలకు రంగు పుయ్యొద్దు, బండల మీద పేర్లు రాయొద్దు. ఇగ గుప్తనిధుల పిచ్చిల తెలంగాణల ఎన్నో పాత గుళ్లను తవ్వి పాడుచేసిన్రు. 1878 చట్టం ప్రకారం, భూమిల దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు చెప్పాల్సిందే. పదిమంది తిరిగే కాడ దొంగచాటుగ గునపం దిగదు.

గుట్ట రేపు గూడ ఉంటది. బాయి దిగిన తాతలే ఏటేటా తక్కువైతున్నరు. అందుకే ముందుగాల టౌన్ల నడుద్దాం. ఒక ఆదివారం పొద్దుగాల పదిమంది, ఒక తాత, రికార్డు చేసే ఒక ఫోను ఉంటే సాలు.