పడని కూర, పేగు పొర

వత్సవాయి, జగ్గయ్యపేట వైపు పెళ్లి భోజనంలో గుత్తివంకాయ లేకపోతే వెలితే. అయినా బంతికి ఒకరిద్దరు "నాకు పడదండీ, దురదలొస్తాయి" అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు. ఈ మాటలో నిజమెంతో మైసూరు పరిశోధకులు తేల్చి చూశారు. 2008లో వెలువడిన ఆ అధ్యయనంలో 741 మందిని విచారిస్తే, వంకాయ తింటే ఏదో ఒక ఇబ్బంది వస్తుందని 9.2 శాతం మంది చెప్పారు. పరీక్షల్లో ఐజీఈ అనే ప్రతిదేహాల వల్ల వచ్చే అసలైన ఎలర్జీ తేలింది 0.8 శాతం మందికే. మిగిలినవాళ్లది అపోహ అనుకోవద్దు. వంకాయలో సహజంగానే హిస్టమిన్ ఉంటుంది. ఎలర్జీ లేకపోయినా దాంతో దురద రావచ్చు.

అసలైన ఎలర్జీ సంగతి వేరు. దాన్ని తెలుసుకోవాలంటే పేగు లోపలి పొర దగ్గరికి వెళ్లాలి.

ఆ పొర మందం ఒకే ఒక్క కణం. నాలుగైదు రోజులకోసారి పాత కణాలు రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. కణాల నడుమ సందుల్ని ఆక్లూడిన్, క్లాడిన్ వంటి ప్రోటీన్లు బిగించి ఉంచుతాయి. పైన జిగురు, అందులో ఐజీఏ ప్రతిదేహాలు. ఇంత కాపలా ఉన్నా, అరగని ప్రోటీన్ రవ్వంత ప్రతి మనిషిలోనూ లోపలికి పోతుంది. అది జబ్బు కాదు. కింద ఉన్న రోగనిరోధక కణాలు ఆ రవ్వలతోనే తిండిని గుర్తుపట్టి, దాని జోలికి పోకూడదని నేర్చుకుంటాయి. పొర దెబ్బతిని, గాయపడ్డ కణాలు ప్రమాద సంకేతాలు పంపుతున్న వేళ అదే ప్రోటీన్ వస్తే మాత్రం శరీరం దాన్ని శత్రువుగా ముద్రవేసి ఐజీఈ తయారుచేయవచ్చు.

పొర వదులైనందువల్లే ఎలర్జీ వస్తుందా? ఎలర్జీ వచ్చాక కూడా మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలు విడిచే ఎంజైములు ఆ సందుల్ని వదులు చేస్తాయి. ఏది ముందో, ఏది వెనకో చెప్పడం తేలిక కాదు. అందుకే 'లీకీ గట్' (కారే పేగు) పేరుతో అమ్మే పరీక్షలకూ పొడులకూ డబ్బు తగలేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

సూక్ష్మజీవుల పాత్ర మాత్రం నిజంగా ఆశ కలిగిస్తోంది. 2014లో షికాగో విశ్వవిద్యాలయంలో క్యాథరిన్ నాగ్లర్ బృందం ఎలుకలకు క్లోస్ట్రిడియా తరగతి బ్యాక్టీరియాను ఇచ్చి చూసింది. పేగులో ఐఎల్-22 అనే పదార్థం పెరిగి పొర బిగుసుకుంది, రక్తంలోకి చేరే వేరుశెనగ ప్రోటీన్ తగ్గింది. ఈ తరగతి సూక్ష్మజీవుల్లో చాలావాటికి మనకు అరగని పీచే ఆహారం. ఆ పీచు ఉండే జొన్నలు, పప్పులు, ఆకుకూరలు మన పొలాల్లో పండేవే.

పిల్లల విషయంలో ఇంతకన్నా గట్టి ఆధారముంది. లండన్‌లో గిడియాన్ లాక్ బృందం తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పగిలి దురదపెట్టే జబ్బు) గానీ గుడ్డు ఎలర్జీ గానీ ఉన్న 640 మంది పసివాళ్లను ఎంచుకుంది. 2015లో ఫలితం వచ్చింది: వేరుశెనగకు దూరంగా పెంచినవాళ్లలో ఐదేళ్లకు 17.2 శాతం మందికి ఆ ఎలర్జీ వచ్చింది, చిన్నప్పటినుంచీ తిన్నవాళ్లలో 3.2 శాతానికే. చర్మం పగుళ్లలోంచి వెళ్లిన తిండి ఎలర్జీని రేపుతుందనీ, నోటిద్వారా పేగుకు చేరినది ఓర్పు నేర్పుతుందనీ లాక్ వాదన. కాబట్టి అన్నప్రాశన అయ్యాక వేరుశెనగను భయంతో దాచిపెట్టనక్కర్లేదు. గింజలుగా పెడితే గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా నూరి, పలుచన చేసి, అన్నంలో కొద్దిగా కలపాలి. ఒళ్లంతా తీవ్రమైన ఎగ్జిమా ఉన్న బిడ్డకైతే ముందు డాక్టరును అడగాలి.

తిన్న కాసేపటికే పెదాలు ఉబ్బి, దద్దుర్లు లేచి, ఊపిరి ఆడకపోతే అవిల్ మాత్ర వేసి కూర్చోవద్దు. కావలసింది తొడ కండరానికి అడ్రినలిన్ ఇంజెక్షన్. టీకాలు వికటిస్తే వాడటానికని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దాన్ని ఉంచుతారు. వెంటనే 108కి ఫోన్ చేయండి, ఏం తిన్నారో చెప్పండి.