కింది గుండీ నుంచి గోచీ దాకా

ముందు కత్తెర తీయండి

కొత్త సూటు కొన్నారా? తొడుక్కునే ముందు చిన్న కత్తెరతో రెండు మూడు చోట్ల దారాలు తెంపాలి. కోటు వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా వేసిన కుట్టు ఒకటి ఉంటుంది. మణికట్టు పైన బ్రాండు పేరున్న గుడ్డముక్క ఉంటుంది. చాలా కోట్లకు బయటి జేబుల మూతులూ కుట్టేసే వస్తాయి. ఫ్యాక్టరీ నుంచి దుకాణానికి చేరేలోగా కోటు ఆకారం చెడకూడదని చీలికకూ జేబులకూ వేసిన తాత్కాలిక కుట్లివి. మన పెళ్లి రిసెప్షన్లలో ఆ గుడ్డముక్కతోనే ఫొటోలు దిగే పెళ్లికొడుకులు ఎందరో. తప్పు వాళ్లది కాదు, అమ్మేటప్పుడు ఒక్క మాట చెప్పని దుకాణంవాళ్లది.

చేతిమీది చీటీ ఉంచుకుంటే పోయేదేమీ లేదు గానీ, వెనక కుట్టు విప్పకపోతే కూర్చున్నప్పుడు కోటు విచ్చుకోదు, నడుం దగ్గర ముడతలు పడుతుంది. ఆ చీలిక పెట్టిందే గుర్రమెక్కేవాళ్ల కోసం. జీనుకు ఇరువైపులా కోటు అంచులు దిగాలని.

రాజుగారి పొట్ట

కోటుకు రెండు గుండీలుంటే పైది పెట్టుకోవాలి. మూడుంటే నడిమిది. అన్నిటికంటే కిందిది ఎప్పుడూ వదిలేయాలి. 1901 నుంచి 1910 దాకా బ్రిటన్‌ను ఏలిన ఏడో ఎడ్వర్డ్ లావుపాటి మనిషి. వెయిస్ట్‌కోటు కింది గుండీ పట్టక ఆయన వదిలేస్తే, చుట్టూ ఉన్న పెద్దమనుషులంతా తమ గుండీలూ విప్పేశారని బాగా ప్రచారంలో ఉన్న కథ. కథ సంగతి ఎలా ఉన్నా, ఇవాళ దర్జీలు కింది గుండీ వాడరన్న లెక్కతోనే కోటు కత్తిరిస్తారు. పట్టుబట్టి పెట్టుకుంటే తుంటి దగ్గర బట్ట లాగుతుంది. కూర్చునేటప్పుడు పై గుండీ కూడా విప్పేయాలి, లేవగానే పెట్టుకోవాలి. రెండు వరసల గుండీల కోటును మాత్రం కూర్చున్నా విప్పరు.

ఈ నియమం పాటించమనే నేనంటాను. దీనికి కారణం బట్ట కోతలోనే ఉంది. అద్దం ముందు అలా ఒకసారి, ఇలా ఒకసారి పెట్టి చూసుకుంటే ఎవరికైనా తెలిసిపోతుంది.

బూటు రంగు చూసి ఉద్యోగం

లండన్‌లో వ్యాపార పనులకు నల్ల బూట్లే వేసుకోవాలి, బ్రౌన్ బూట్లు పల్లెకూ సెలవు రోజులకూ అన్నది ఇంగ్లిషువాళ్ల పాత కట్టుబాటు. అది పోయిందనుకోవద్దు. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల ఉద్యోగ ఎంపికల్లో సూటు కింద బ్రౌన్ బూట్లు వేసుకొచ్చిన అబ్బాయిలకు అదే అడ్డంకి అవుతోందని 2016లో బ్రిటన్ సోషల్ మొబిలిటీ కమిషన్ నివేదిక బయటపెట్టింది. వాళ్లకు చదువుంది, తెలివుంది. ఈ సంగతి చెప్పే తండ్రి గానీ బడి గానీ లేకపోయింది, అంతే. ఈ నియమానికి బట్టతో పని లేదు, ఒంటితో పని లేదు. లోపలివాళ్లెవరో బయటివాళ్లెవరో గుర్తుపట్టడానికే అది పనికొస్తోంది. అక్కడ ఇంటర్వ్యూలకు వెళ్లే మన పిల్లలు నల్ల బూట్లే వేసుకుని వెళ్లాలి. రేపు అదే బల్లకు అవతలి వైపు కూర్చున్న రోజున ఎవరి బూట్లూ చూడకూడదు.

చారల టై సంగతీ అలాంటిదే. బ్రిటన్‌లో అది ఏదో ఒక పటాలానిదో, కాలేజీదో, క్లబ్బుదో అయి ఉంటుంది. సంబంధం లేనివాళ్లు కట్టుకుంటే అమర్యాద. అమెరికాలో బ్రూక్స్ బ్రదర్స్ చారల వాలును అటునుంచి ఇటు తిప్పి అందరికీ అమ్మేసింది, చిక్కు వదిలింది.

ప్యాంటు మడత మీద నిషేధం

రెండో ప్రపంచయుద్ధంలో బట్టకు కరువొచ్చి, 1942లో బ్రిటన్ ప్రభుత్వం ప్యాంటు కింద మడత పెట్టి కుట్టడాన్నే నిషేధించింది. జేబులకూ లెక్క పెట్టింది. బాంబులను ఓర్చుకున్న జనం దీన్ని ఓర్చుకోలేకపోయారు. పొడుగెక్కువ ప్యాంట్లు కొని ఇంట్లో మడిచి కుట్టుకున్నవాళ్లున్నారు. యుద్ధం ఇంకా ముగియకుండానే, 1944లో ఆ నిషేధం ఎత్తేశారు.

భుజం మీది తువ్వాలు

మన ఊళ్ల కట్టుబాట్లలో అన్నిటికంటే చేదైనది ఇది. దొర గడీ ముందు నుంచో, పెద్దకులాల వీధిలో నుంచో వెళ్లేటప్పుడు దళితులు, కింది కులాలవాళ్లు భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకోవాల్సి వచ్చేది. తలగుడ్డ విప్పాల్సి వచ్చేది. చెప్పులు కాళ్లకు కాదు, చేతుల్లో ఉండాల్సి వచ్చేది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నందుకు, పంచె పాదాల దాకా దించి కట్టినందుకు దెబ్బలు తిన్నవాళ్లున్నారు. గౌరవం పేరుతో నడిచిన ఈ నియమం ఒక మనిషిని రోజూ, అందరి ఎదుటా వంచడానికే పుట్టింది.

ఊరూరా నీలం కోటు, ఎర్ర టైతో నిలబడ్డ అంబేద్కర్ విగ్రహాన్ని ఈ సంగతి తెలిసి చూడాలి. గాంధీజీ 1921 సెప్టెంబరు 22న మదురైలో చొక్కా వదిలి కొల్లాయి కట్టింది పేదవాడికి అంతకంటే బట్ట లేదని. అంబేద్కర్ సూటు తొడిగింది ఆ పేదవాడికి నిండుగా బట్ట కట్టే హక్కు ఉందని. ఆ సూటు విదేశీ దుస్తులని ఎవరైనా తప్పుపడితే నేను ఒప్పుకోను. కొల్లాయి కట్టుకోమని ఊరు శాసించినవాళ్లకు కోటే తిరుగుబాటు.

చెప్పులా, తలపాగానా?

1862లో సూరత్ సెషన్స్ కోర్టులో అసెసరుగా ఉన్న మానక్‌జీ కావస్‌జీ ఎంటీ అనే పార్సీ పెద్దమనిషిని జడ్జి బూట్లు విప్పి లోపలికి రమ్మన్నాడు. పెద్దల ముందు చెప్పులు విడవడం భారతీయ మర్యాద కదా అన్నది జడ్జి వాదన. మానక్‌జీ విప్పనన్నాడు. కోర్టులోకి రానివ్వకపోతే బొంబాయి గవర్నరుకు ఉత్తరం రాశాడు. వీధి దుమ్ము లోపలికి రాకూడదని ఇంట్లో చెప్పులు విడుస్తాం, పవిత్రమని గుడిలో విడుస్తాం, కోర్టు ఆ రెండూ కాదు కదా అన్నది ఆ రోజుల్లో మనవాళ్ల జవాబు. ఎంత సూటి జవాబో చూడండి!

తలపాగా సంగతి తిరగబడి వచ్చింది. తెల్లవాళ్లకు లోపలికొస్తే టోపీ తీయడం మర్యాద, మనకు తలపాగా ఉంచుకోవడం మర్యాద. 1893లో డర్బన్ కోర్టులో మేజిస్ట్రేటు తలపాగా తీయమంటే గాంధీ తీయక బయటికి నడిచారు. ఆ మరుసటి ఏడు నేటాల్ సుప్రీంకోర్టులో న్యాయవాదిగా ప్రమాణం చేసిన రోజు ప్రధాన న్యాయమూర్తి అదే మాట అడిగితే తీసేశారు. మిత్రులు కష్టపెట్టుకున్నారు. ఇంతకంటే పెద్ద పోరాటాలకు బలం దాచుకోవాలని ఆయన ఉద్దేశం. ఒకే మనిషి, ఒకే తలపాగా, రెండు నిర్ణయాలు. రెండూ సరైనవేనని నా నమ్మకం. మొదటిసారి ఆయన పరాయివాడిగా గుమ్మంలో ఉన్నారు. రెండోసారి ఆ వృత్తిలో చేరుతూ దాని నియమాన్ని తానే తలకెత్తుకున్నారు.

అన్నట్టు, మన లాయర్ల నల్లకోటు వెనక చాలామందికి తెలియని వెసులుబాట్లున్నాయి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో నల్ల షేర్వానీ, అచ్కన్ కూడా ఉన్నాయి. కింద ప్యాంటే అక్కర్లేదు, ధోవతి కట్టుకోవచ్చు. జీన్స్ మాత్రం కుదరదు. ఎండాకాలంలో సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప మిగతా కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదు. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల చుట్టుపక్కల మే నెలలో వాదించే లాయరుకు ఈ వాక్యం ప్రాణం కాపాడేదే.

క్లబ్బు గుమ్మంలో

1988లో చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్‌ను బొంబాయి విల్లింగ్డన్ క్లబ్బు వెనక్కి పంపింది. కారణం, ఆయన అలవాటు ప్రకారం చెప్పుల్లేకుండా వచ్చారు. 2014 జులైలో చెన్నైలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి డి. హరిపరంధామన్ పంచె కట్టుకుని వచ్చారని తమిళనాడు క్రికెట్ అసోసియేషన్ క్లబ్బు ఆపేసింది. ఆయన వచ్చింది ఒక పుస్తకావిష్కరణ సభకు. పంచె పుట్టిన గడ్డ మీద పంచెకు చోటు లేదన్నందుకు రాష్ట్రం భగ్గుమంది. కొద్ది వారాల్లోనే అసెంబ్లీ చట్టం చేసింది: బహిరంగ స్థలాల్లో, క్లబ్బుల్లో పంచె కట్టుకున్నవాళ్లను అడ్డుకుంటే ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల దాకా జరిమానా. ఇలాంటి చట్టం మనకూ ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. తెల్లదొరలు వదిలి వెళ్లిన క్లబ్బులు మన ఊళ్లలోనూ ఉన్నాయి, కాలరు లేని చొక్కా అని ఆపే ద్వారపాలకులూ ఉన్నారు.

టై ఓడిన రోజులు

2021 ఫిబ్రవరిలో న్యూజిలాండ్ పార్లమెంటులో మావోరీ సభ్యుడు రవిరి వైటిటి టై కట్టుకోలేదు. మెడలో తమ జాతి సంప్రదాయపు పతకం వేసుకుని, ఇదే నా టై అన్నాడు. స్పీకరు బయటికి పంపించాడు. మర్నాడే మగ సభ్యులకు టై తప్పనిసరి అన్న నియమం పోయింది.

జపాన్‌లో టైను ఓడించింది ఎండ. ఆఫీసుల్లో ఏసీ 28 డిగ్రీల దగ్గరే ఉంచండి, టైలూ కోట్లూ వదిలేయండి అని 2005 వేసవిలో ప్రభుత్వమే చెప్పింది. ప్రధాని కొయిజుమి తానే టై తీసేసి చూపించారు. హైదరాబాద్, విజయవాడల్లో ఏసీని 20కి తగ్గించి, లోపల కోటు తొడుక్కునే ఆఫీసులు ఈ సంగతి ఎందుకు పట్టించుకోవో!

గుడిలో

తిరుమలలో ఆర్జిత సేవలకు వెళ్లే మగవాళ్లు పంచె, ఉత్తరీయం గానీ, కుర్తా పైజమా గానీ వేసుకోవాలి. కేరళలో చాలా గుళ్లలో చొక్కా విప్పి వెళ్లాలి. ఆ పద్ధతి మానేయాలని 2024 చివర్లో శివగిరి మఠం స్వామి సచ్చిదానంద బహిరంగంగా పిలుపునిచ్చారు. జంధ్యం ఉందో లేదో చూడటానికి పుట్టిన ఆచారమని ఆయన వాదన. నారాయణ గురు నెలకొల్పిన మఠం నుంచి వచ్చిన మాట కాబట్టి దానికి బరువుంది. దేవుడి ముందు నేనుగా పైబట్ట తీస్తే భక్తి. నా పుట్టుక చూసేందుకు తీయిస్తే తనిఖీ. తిరుమల నియమంలో ఈ చిక్కు లేదు. పంచె అందరికీ ఒకటే, కొండ మీదే దొరుకుతుంది, ఎవరిది ఏ కులమో అది చెప్పదు.

గోచీ పెట్టడం రాకపోతే

అడ్డపంచెకు రెండు మీటర్లు చాలు. గోచీ పెట్టి కట్టాలంటే నాలుగు మీటర్ల దాకా కావాలి. నడుముకు చుట్టి ముడేశాక, ఒక కొసను కుచ్చిళ్లుగా మడిచి ముందు దోపుతారు, రెండో కొసను కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి నడుం దగ్గర దోపుతారు. పూజకూ, పెళ్లికీ, శ్రాద్ధానికీ ఇదే కట్టు. అడ్డపంచెతో పీటల మీద కూర్చోనివ్వరు. పెళ్లిలో ఎర్రంచు తెల్ల మధుపర్కాలూ ఇలాగే కడతారు. లుంగీ మోకాళ్ల పైకి మడిచి కట్టుకున్నవాడు పెద్దవాళ్లు ఎదురైతే కిందికి దించేయడమూ ఈ మర్యాదల్లోదే. ఎవరూ శాసించకుండా చెయ్యే దించేస్తుంది. నాకు ఇష్టమైన కట్టుబాటు అది.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో పంచెల నూలు కోసం పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దాని సన్నటి పళ్లు గింజల మీది దూదిని శుభ్రం చేస్తాయి. అక్కినేని నాగేశ్వరరావు ఇష్టంగా కట్టిన పంచెలవి. పంచె నోబెల్ వేదిక దాకా కూడా వెళ్లింది. ఆ ప్రదానోత్సవానికి మగవాళ్లు తెల్ల బో టైతో పొడుగుతోక కోటు వేసుకోవాలి, లేదా తమ దేశపు దుస్తుల్లో రావచ్చు. 2019లో ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ స్టాక్‌హోమ్ వేదిక మీద ధోవతి కట్టుకుని, బంద్‌గలా తొడుక్కుని బహుమతి అందుకున్నారు.

ఇప్పుడు బజారులో నడుం దగ్గర వెల్క్రో పట్టీతో అంటుకునే పంచెలు, కుచ్చిళ్లూ గోచీ ముందే కుట్టేసిన పంచెలు దొరుకుతున్నాయి. చిన్నపిల్లల సైజుల్లోనూ ఉన్నాయి. అది పంచె కట్టడమే కాదనే పెద్దలున్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. జారిపోతుందన్న భయంతో ప్యాంటులోనే మిగిలిపోయే కుర్రాడు, వెల్క్రో ఉంటే ధైర్యంగా పీటల మీద కూర్చుంటాడు. కట్టడం నేర్చుకోవాలనుకుంటే మెత్తటి పాత నూలు పంచెతో మొదలుపెట్టాలి. గంజి పెట్టిన కొత్తదానికి ముడి నిలవదు, పట్టుది జారుతుంది. ముడి బొడ్డుకు కాస్త కింద పడాలి, ముందు ఏడెనిమిది కుచ్చిళ్లు రావాలి. వెనక గోచీ దోపాక ఒకసారి గొంతుక్కూర్చుని లేచి చూసుకుంటే, ఎక్కడ వదులైందో అప్పుడే తెలుస్తుంది.