మురుగానందం గారి ప్యాడు యంత్రం

మైపాడు, జువ్వలదిన్నె వైపు నుండి మన ఆసుపత్రికి వచ్చే అక్కచెల్లెళ్ళు నెలసరి సంగతి నర్సమ్మ చెవిలోనే చెబుతారు. గుడ్డను ఎవరి కంటా పడకుండా చీర కింద ఆరవేస్తారు. ఎండ తగలని గుడ్డతో దురద, ఇన్ఫెక్షను రావచ్చు. అందుకే ఈసారి కోయంబత్తూరు వాసి అరుణాచలం మురుగానందం గారిని గురించి వ్రాస్తున్నాము.

1998లో పెళ్ళైన కొత్తలో, భార్య శాంతి గారు పాతగుడ్డలు దాచుకోవడం చూచి ఆయన దూదితో ప్యాడు తయారుచేశారు. అది పనికిరాలేదు. పరీక్షించి చెప్పడానికి ఆడవాళ్ళు సిగ్గుపడ్డారు. చివరికి ఫుట్‌బాల్ బ్లాడరులో మేక రక్తం నింపి తానే కట్టుకొని తిరిగారు! ఊరు ఆయనకు పిచ్చి పట్టిందనుకొంది. భార్య, తల్లి కూడా కొంతకాలం దూరమయ్యారు.

రెండేళ్ళకు పైగా వెదికాక అసలు సంగతి తెలిసింది: కంపెనీ ప్యాడ్లలో ఉండేది పైన్ కలప గుజ్జు నుండి తీసిన సెల్యులోజు పీచు. అది తడిని పీల్చి, ఒత్తిడిలోనూ పట్టి ఉంచుతుంది. విదేశీ యంత్రాల ఖరీదు కోట్లలో ఉండేది. ఆయన మాత్రం గుజ్జును మిక్సీలాంటి దానిలో పీచుగా విడదీసి, అచ్చులో నొక్కి, చుట్టి, అతినీలలోహిత కిరణాలతో శుద్ధిచేసే పద్ధతిని సుమారు 65,000 రూపాయలకే అందించారు. మహిళా సంఘాలకు అమ్మారు. 2016లో పద్మశ్రీ వచ్చింది.

ప్యాడునైనా నాలుగు నుండి ఆరు గంటలకొకసారి మార్చండి. గుడ్డ వాడేవారు సబ్బుతో ఉతికి ఎండలోనే ఆరవేయండి. దుర్వాసన, పొత్తికడుపు నొప్పి ఉంటే వెంటనే డాక్టరమ్మకు చెప్పండి.