బొగ్గు ఊళ్ళో దసరా సెలవులు

సెలవులు వచ్చాయంటే మన ఇళ్ళలో చర్చ ఎక్కువసేపు సాగదు. పుట్టింటికి వెళ్ళడమో, తిరుపతి కొండ ఎక్కడమో, మరీ సరదా పుడితే విశాఖ వెళ్ళి సముద్రం చూసిరావడమో, ఈ మూడింటిలో ఒకటి తేలిపోతుంది. మా దమ్మపేట వారికి భద్రాచలం చేరువే కనుక అది ప్రయాణాల లెక్కలోకే రాదు. తెల్లవారి బయలుదేరి, రాములవారి దర్శనం చేసుకుని, దీపాలవేళకు ఇల్లు చేరుకుంటాము. అటువంటిది, దసరా సెలవులకు ఇల్లందు వెళ్ళి నాలుగు రోజులు ఉందామని నేను అన్నప్పుడు మా ఆవిడ నా వంక ఎగాదిగా చూసి, "బొగ్గులో చూడడానికి ఏముందండీ?" అంది.

ప్రశ్న న్యాయమైనదే. కాని ఇల్లందులో మా మేనత్తగారి ఇల్లు ఉంది. మామయ్య ముప్పై నాలుగేళ్ళు బాయి పని చేసి పింఛను పుచ్చుకుంటున్నాడు. బొగ్గుగనిని అక్కడివారు 'బాయి' అనే అంటారు. పిల్లలకు బొగ్గు అంటే పాఠ్యపుస్తకంలో ఒక బొమ్మ మాత్రమే. అంచేత పెట్టె సర్దుకుని బస్సు ఎక్కాము.

దమ్మపేట దాటితే ఎటు చూసినా పామాయిలు తోటలే. ములకలపల్లి మీదుగా పాల్వంచ చేరాము. మా చిన్నతనంలో ఆకాశాన్ని అంటినట్టుండే కూలింగ్ టవర్లు కనిపించగానే "పాల్వంచ వచ్చింది" అని అరిచేవాళ్ళం. 1966 నుంచి కరెంటు పుట్టించిన ఆ పాత కేంద్రం పని ముగిశాక, 2024 ఆగస్టులో ఎనిమిది టవర్లనూ ఒకే రోజు నేలమట్టం చేశారు. కొత్త యూనిట్లు పక్కనే నడుస్తున్నాయి. వాటికి మేత సింగరేణి బొగ్గే. పాల్వంచకు పక్కనే కొత్తగూడెం. సింగరేణి ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. 2016 నుంచి అది జిల్లా కేంద్రం కూడా. అయినా ఊళ్ళోని రైల్వే స్టేషను పేరు మాత్రం 'భద్రాచలం రోడ్'! దూరప్రాంతాల భక్తులు అక్కడ రైలు దిగి, ఊరి వంక అయినా చూడకుండా బస్సెక్కి వెళ్ళిపోతారు.

ఊరు ఒకటి, పేరు ఒకటి

ఇల్లందుదీ ఇంచుమించు ఇదే కథ. భద్రాచలం యాత్రకు నడిచి వెళ్ళేవారు దారిలో పొయ్యి పెట్టుకుంటే, కట్టెలతోపాటు పొయ్యిరాళ్ళూ అంటుకున్నాయనీ, అలా నల్లరాయి సంగతి లోకానికి తెలిసిందనీ జనం చెప్పుకుంటారు. కాగితం మీద ఉన్న చరిత్ర వేరు. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును కనుగొన్నాడు. ఇక్కడి ముఖ్యమైన బొగ్గు పొరకు ఇప్పటికీ ఆయన పేరే, 'కింగ్ సీమ్'. గోదావరి లోయ వెంట మూడువందల యాభై కిలోమీటర్ల పొడవున వ్యాపించిన నిక్షేపాలకు తొలి తలుపు తెరిచింది ఇల్లందు. కంపెనీకి పేరు మాత్రం పొరుగున ఉన్న సింగరేణి గ్రామానిది పెట్టారు. ఇల్లందు స్టేషనుకు కూడా 'సింగరేణి కాలరీస్' అనే పేరు పడింది.

ఈ బొగ్గు చుట్టూ పెద్ద రాజకీయమే నడిచింది. నిజాం రాజ్యంలో రైలుమార్గానికి కుదుర్చుకుంటున్న బేరాన్ని నిలదీసినందుకు 1883లో కొందరిని హైదరాబాదు విడిచి పొమ్మన్నారు. సరోజినీదేవి తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయగారు వారిలో ఒకరు. 1886లో లండనులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనుల హక్కులు దక్కాయి. ఆ వాటాల వ్యవహారంలో అక్రమాల మీద 1888లో బ్రిటిష్ కామన్స్ సభ విచారణ సంఘమే కూర్చుంది. ఆ మరుసటి సంవత్సరం ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైంది. రైలు బెజవాడ వరకు సాగిందీ ఆ 1889లోనే. ఇంజను నడవాలంటే బొగ్గు, బొగ్గు కదలాలంటే రైలు, ఒకదానికొకటి తోడు.

1920 డిసెంబరు 23న కంపెనీ సింగరేణి పేరు దాల్చింది. 1945లో హైదరాబాదు ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొన్నది. 1956లో అవి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ఈనాడు తెలంగాణకు 51, కేంద్రానికి 49 శాతం వాటా. ఏటా డిసెంబరు 23న గని ఊళ్ళలో సింగరేణి దినోత్సవం జరుపుతారు.

బస్తీ మర్యాద

ఇల్లందులో వాడల పేర్లే ఒక పాఠం. స్టేషన్ బస్తీ, నంబర్ టూ బస్తీ, పద్నాలుగో నంబరు, స్ట్రట్‌పిట్! గుడిని బట్టో, కులాన్ని బట్టో కాక, గనుల నంబర్లను బట్టి పేర్లు పడిన వాడలు నేను మరోచోట చూడలేదు. ఎక్కడెక్కడి పల్లెలనుంచో వచ్చి పనిలో కలిసినవారు కనుక వాడలో వరస కలపడానికి ఆట్టే సేపు పట్టదు. మేము చేరిన గంటలోనే మా ఆవిడకు ఇద్దరు వదినలూ ఒక పిన్నీ అమిరారు.

మొదటి రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పదకొండు గంటలకు ఒక ఇంట్లో భోజనాల సందడి, మరో ఇంటి ముందు మోటారుసైకిలు చప్పుడు! ఉదయం ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు. ఈ మూడు వేళలే ఊరికి గడియారం. రాత్రి పనికి వెళ్ళివచ్చిన మనిషి పగలు నిద్రపోతుంటే ఆ ఇంటి ముందు పిల్లలు ఆడుకోరు. ఎవరూ చెప్పనక్కరలేదు, వాళ్ళకే తెలుసు. మా పిల్లలు రెండో రోజుకే ఆ మర్యాద నేర్చుకున్నారు. ఇంట్లో ఎంత చెప్పినా నేర్వని సంగతి అది!

దసరా ముందు కార్మికులకు కంపెనీ లాభాలలో వాటా పంచుతారు. 2024లో అది 33 శాతం. బజారులో బట్టల దుకాణం, బంగారు దుకాణం, మిఠాయి కొట్టు అన్నీ ఆ డబ్బు కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటాయి. సద్దుల బతుకమ్మనాడు మా ఆవిడ కూడా తంగేడు, గునుగు పేర్చి వాడ ఆడవాళ్ళతో ఆడింది.

కప్పు మాట్లాడుతుంది

సాయంత్రాలు మామయ్య అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన ఫిల్లరు. తట్టా, చెమ్మాసూ పట్టుకుని, తలకు దీపం కట్టుకుని దిగి, పేల్చిన బొగ్గును ఎత్తి టబ్బులు నింపాలి.

"బాయిలో కండ్లకన్నా చెవులు ముఖ్యం బిడ్డా," అన్నాడు. "నెత్తిమీది రాతినే మేము కప్పు అంటం. కట్టెతో కొడితే గట్టిగ ఖంగుమన్నదనుకో, భయం లేదు. డొల్ల చప్పుడొచ్చిందా, ఆడ నిలబడొద్దు. కప్పు మాట్లాడుతది. ఇన్నోడు ఇంటికొస్తడు."

వినడానికి వ్యవధి ఇవ్వని ప్రమాదాలూ ఉన్నాయి. 2003 జూన్ 16న గోదావరిఖని వైపు ఒక భూగర్భ గనిలోకి నీళ్ళు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. ఆ మాట రాగానే అత్తయ్య లేచి లోపలికి వెళ్ళింది. ముప్పై నాలుగేళ్ళు ఆమె షిఫ్టు దిగే వేళకు వాకిట్లోనే ఉండేదని మామయ్య తరువాత చెప్పాడు.

ఆయన కొడుకును బాయి వంక రానివ్వలేదు. చదివించి హైదరాబాదు పంపాడు. అతడు ఫోనులో ఆరోగ్యం అడుగుతాడు గాని కప్పు సంగతి ఎందుకు అడుగుతాడు? అడిగేది పక్కింటి అమ్మాయి. ఆమె కొత్తగూడెంలో మైనింగు ఇంజనీరింగు చదువుతోంది. ఆ పాత మైనింగు కాలేజీయే 2025లో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయం అయింది. తొలినాళ్ళలో ఆడవాళ్ళు కూడా గనిలో దిగి బొగ్గు మోసేవారు. తరువాత చట్టం ఆపింది. 1952 గనుల చట్టంలోనూ ఆ నిషేధం ఉంది. 2019 జనవరిలో కేంద్రం కొన్ని షరతులతో సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు మళ్ళీ అనుమతించింది. సెలవులకు వచ్చిన ఆ పిల్ల నోటుపుస్తకం తెచ్చుకుని మామయ్య పక్కన కూర్చునేది. డొల్ల చప్పుడు ఎలా ఉంటుందో ఆయన అరుగు మీదా, తలుపు మీదా, ఖాళీ డబ్బా మీదా కట్టెతో కొట్టి వినిపించాడు. "నా కొడుకుకు వద్దన్నది నీకెట్ల చెప్తున్ననో!" అని ఒకసారి నవ్వాడు. చెప్పడం మాత్రం ఆపలేదు.

ఆ పిల్ల చదువు ముగిసేసరికి ఎన్ని భూగర్భ గనులు మిగులుతాయన్నదే ప్రశ్న. 1990 ప్రాంతంలో సింగరేణిలో 1,16,000 మంది పనిచేసేవారు. ఇప్పుడు సుమారు 40,000 మంది. బొగ్గు తగ్గిందా అంటే, లేదు. 2023-24లో ఏడు కోట్ల టన్నులు తీశారు. అందులో అత్యధికం ఉపరితల గనులనుంచే వచ్చింది. పైనున్న నేలంతా తొలగించి, ఇంటి ఎత్తు యంత్రాలతో తవ్వి తీసే పద్ధతి అది. ఖర్చు తక్కువ, భూగర్భంలో ఉండే ప్రాణభయమూ తక్కువ. కాని దానికి కావలసిన నేల ఎక్కువ, మనుషులు తక్కువ. తవ్విపోసిన మట్టి గుట్టలను మా పిల్లలు నిజమైన కొండలే అనుకున్నారు. మా పొరుగు సత్తుపల్లిలో ఉన్నదీ ఇటువంటి గనే. ఆ బొగ్గు కోసమే సత్తుపల్లి, కొత్తగూడెంల మధ్య రైలుమార్గం వేసి 2022లో తెరిచారు.

వెళ్ళదలచినవారికి

సికింద్రాబాదు నుంచి రైలులో కొత్తగూడెం రావచ్చు. అక్కడినుంచి ఇల్లందుకు బస్సులో గంట పైచిలుకు ప్రయాణం. బంధువులు లేనివారికి రెండు ఊళ్ళలోనూ లాడ్జీలు ఉన్నాయి. పెద్ద హంగులు ఆశించకండి. అనుమతి లేనిదే ఏ గనిలోకీ పోనివ్వరు, పోనూ కూడదు. లోపలి సంగతి చూడాలన్న కోరిక జనానికి లేకపోలేదు: 2022 చివర ఆర్టీసీవారు గోదావరిఖని వైపు గనులు చూపడానికి 'సింగరేణి దర్శన్' అని యాత్రా బస్సు నడిపారు. పిల్లలు విసుగుపడితే పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయం, జింకల పార్కు ఉన్నాయి. వేసవిలో మాత్రం రావద్దు, బొగ్గు ఊళ్ళ ఎండ మాటలతో చెప్పేది కాదు.

పూటలో చూసి పోదామంటే ఇక్కడ మట్టి గుట్టలూ, లారీలూ తప్ప ఏమీ కనపడవు. మూడు షిఫ్టులూ గడిచేదాకా ఉండాలి, ఏ అరుగు మీదనో కూర్చోవాలి, అడగాలి. పదేళ్ళ తరువాత వెళ్ళినా గుట్టలు అక్కడే ఉంటాయి. కప్పు మాట విన్నవాళ్ళు అప్పటికి ఎంతమంది ఉంటారో! కనుక వెళ్ళేవారు ఆలస్యం చేయకండి.