నాలుగో నంబరులోనే గాలి

కారు ఏసీ ఫ్యాను ఒకటి, రెండు, మూడు నంబర్లలో తిరగదు. నాలుగులో పెడితే మాత్రం హోరెత్తిస్తుంది. మోటారు పోయిందని కంగారు పడక్కర్లేదు. చాలావరకు పాడైంది బ్లోయర్ రెసిస్టరే.

తక్కువ వేగాలకు కరెంటు తగ్గించేది అదే. నాలుగులో కరెంటు నేరుగా మోటారుకు వెళుతుంది. రెసిస్టరు వేడెక్కుతుంది కనుక గాలి వెళ్లే దారిలోనే బిగిస్తారు. హరిశ్చంద్రపురం, పలాస, ఉద్దానం తీరం వైపు తేమ, ఉప్పుగాలి దాని పిన్నులకు తుప్పు పట్టించగలవు.

మార్చడం తేలికే. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, చాలా కార్లలో గ్లవ్‌బాక్సు తీస్తే కనిపిస్తుంది. కనెక్టరు ప్లాస్టిక్ కరిగి గోధుమరంగుకు తిరిగితే అదీ మార్చాలి.

మోటారు బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగుతుంటే కొత్త రెసిస్టరూ నిలవదు. ముందు మోటారును చేత్తో తిప్పి చూడమని మెకానిక్‌ను అడగండి.