ఫోను మనది... తాళంచెవి కంపెనీది!

పది పన్నెండు వేల రూపాయలు పోసి కొన్న స్మార్ట్‌ఫోను మూడు నాలుగేళ్లు తిరిగేసరికి పాతదైపోతోంది. తెర చెక్కుచెదరలేదు. మాట స్పష్టంగానే వినబడుతోంది. బ్యాటరీ బలహీనపడితే కొత్తది వేయించుకోవచ్చు. అయినా ఆ ఫోను కాలం చెల్లిన వస్తువుల జాబితాలో చేరిపోతుంది. ఆండ్రాయిడ్ కొత్త రూపాలను, భద్రతా సవరణలను తయారీ కంపెనీ దానికి నిలిపివేయడమే ఇందుకు కారణం. ఏటా సుమారు 15 కోట్ల స్మార్ట్‌ఫోన్లు అమ్ముడవుతున్న మన దేశంలో ఇది అసంఖ్యాక కుటుంబాల అనుభవం.

కంపెనీ చేతులెత్తేసిన ఫోనులో ఇతరులు రూపొందించిన సాఫ్ట్‌వేరును ఎక్కించి, మరికొన్నేళ్లు వాడుకోవడం సాంకేతికంగా సాధ్యమే. అయితే అందుకు ముందుగా ఒక తాళం తీయాలి. బూట్‌లోడర్‌కు వేసిన ఆ తాళం ఎవరి అధీనంలో ఉండాలన్నదే ఇప్పుడు వినియోగదారులకు, కంపెనీలకు నడుమ నలుగుతున్న ప్రశ్న.

గడప దగ్గర కాపలా

మీట నొక్కి ఫోనును మేల్కొలిపినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందే పనిచేసే చిన్న ప్రోగ్రాము బూట్‌లోడర్. ఆపరేటింగ్ సిస్టమ్‌ను పరీక్షించి లోనికి పంపడం దీని విధి. తాళం వేసి ఉన్నంతకాలం కంపెనీ డిజిటల్ సంతకం ఉన్న సాఫ్ట్‌వేరుకే ప్రవేశం లభిస్తుంది. సంతకం సరిపోలకపోతే ఫోను ముందుకు కదలదు.

తాళం తీసే పద్ధతి పైకి సులభంగానే కనిపిస్తుంది. సెట్టింగులలో ‘బిల్డ్ నంబరు’ను ఏడుసార్లు తాకితే డెవలపర్లకు ఉద్దేశించిన విభాగం తెరుచుకుంటుంది. అందులో ‘ఓఈఎం అన్‌లాకింగ్’ను అనుమతించి, ఫోనును ‘ఫాస్ట్‌బూట్’ స్థితిలో కంప్యూటరుకు కలిపి ఆదేశం ఇవ్వాలి. కొన్ని కంపెనీలు దీనికి తోడు ఖాతా నమోదును, రోజుల తరబడి నిరీక్షణను విధిస్తాయి.

తాళం తెరుచుకోగానే ఫోనులోని ఫొటోలు, సందేశాలు, సమస్త సమాచారం చెరిగిపోతుంది. ఇది లోపం కాదు, ముందుజాగ్రత్త. ఫోనును దొంగిలించిన వ్యక్తి తాళం తీసి యజమాని రహస్యాలు చదవకుండా చేసిన ఏర్పాటు. అందుకే విలువైన సమాచారాన్ని ముందుగానే వేరొకచోట భద్రపరచుకోవాలి. ఆ తర్వాత కూడా ఫోను వెలిగిన ప్రతిసారీ తాళం తీసి ఉందన్న హెచ్చరిక తెరపై కనిపిస్తుంది.

ఢిల్లీ హైకోర్టులో వివాదం

ఈ వ్యవహారంలోని వ్యాపార కోణం 2014 డిసెంబరులో దేశానికి తెలిసివచ్చింది. స్వచ్ఛంద నిపుణులు ఆండ్రాయిడ్‌ను తీర్చిదిద్ది రూపొందించిన ‘సయనోజెన్‌మాడ్’ నుంచి సయనోజెన్ అనే సంస్థ పుట్టింది. భారతదేశంలో దాని సాఫ్ట్‌వేరుపై ప్రత్యేక హక్కులు తమవేనంటూ మైక్రోమ్యాక్స్ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. అదే సాఫ్ట్‌వేరుతో వస్తున్న వన్‌ప్లస్ ఫోన్ల అమ్మకాలను నిలుపుచేస్తూ డిసెంబరు 16న మధ్యంతర ఉత్తర్వు వెలువడింది. అదే నెల 24న డివిజన్ బెంచి దానిని తొలగించింది. ఈలోగా మైక్రోమ్యాక్స్‌కు చెందిన ‘యూ’ సంస్థ రూ. 8,999 ధరకు ‘యురేకా’ ఫోనును ప్రకటించింది.

హక్కుల కోసం కంపెనీలు పోరాడిన ఆ సాఫ్ట్‌వేరు రెండేళ్లకే మూతపడింది. సయనోజెన్ సంస్థ 2016 ముగిసేసరికి తన సేవలను నిలిపివేసింది. కాని స్వచ్ఛంద నిపుణులు ‘లినేజ్ ఓఎస్’ పేరుతో కృషిని కొనసాగించారు. 2014 నాటి వన్‌ప్లస్ తొలి ఫోనుకు అధికారిక సాఫ్ట్‌వేరు ఆండ్రాయిడ్ 6తో ఆగిపోగా, వీరి చేతిలో అది ఆండ్రాయిడ్ 11 దాకా నడిచింది. బూట్‌లోడర్ తాళం తీసుకునే వీలుండడమే ఇందుకు మూలం.

బిగుసుకుంటున్న తాళాలు

2011లో వినియోగదారుల నిరసనకు తలవొగ్గి, ఇకపై బూట్‌లోడర్లకు తాళం వేయబోమని తైవాన్ కంపెనీ హెచ్‌టీసీ ప్రకటించింది. ఆ తర్వాత గాలి ఎదురు తిరిగింది. తాళం తీసే సంకేతాల జారీని హువావే 2018లో నిలిపివేసింది. 2016లో తాళం పద్ధతి ప్రవేశపెట్టిన షామీ, 2023లో వచ్చిన ‘హైపర్ ఓఎస్’తో నిబంధనలను మరింత కఠినతరం చేసింది.

కంపెనీల వాదనను తోసిపుచ్చలేము. తాళం లేని ఫోన్లలో మధ్యవర్తులు హానికర ప్రోగ్రాములను చొప్పించి అమ్మే ప్రమాదం నిజమైనదే. బ్యాంకులదీ ఇదే భయం. అందువల్లనే తాళం తీసిన ఫోన్లలో అనేక బ్యాంకు, చెల్లింపు యాప్‌లు పనిచేయడానికి నిరాకరిస్తాయి. 2023 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు ఒక్క నెలలోనే వెయ్యి కోట్లు దాటాయి. కూరగాయల బండి వద్ద కూడా ఫోనుతోనే చెల్లించే దేశంలో తాళం తీయడమంటే జేబులోని పర్సును వదులుకోవడమే. పైగా అనేక కంపెనీలు వారంటీని సైతం నిరాకరిస్తాయి.

అయితే ఇందులో ఒక వైచిత్రి ఉంది. ఏళ్ల తరబడి భద్రతా సవరణలు అందకపోయినా, తాళం వేసి ఉన్న పాత ఫోనును యాప్‌లు చాలావరకు విశ్వసిస్తాయి. తాజా సవరణలతో నడిచే తాళం తీసిన ఫోనును మాత్రం అనుమానిస్తాయి.

చట్టం ఏమంటోంది?

సొంత ఫోను బూట్‌లోడర్ తాళం తీయడం వేరు, ఫోను గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐని మార్చడం వేరు. రెండవది నేరం. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద మూడేళ్ల దాకా జైలు, రూ. 50 లక్షల దాకా జరిమానా విధించవచ్చు. ఈ తేడా తెలియక మరమ్మతు దుకాణాలను నమ్మి చిక్కుల్లో పడరాదు.

మరమ్మతు హక్కు విషయంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కొంత ముందడుగు వేసింది. 2022 జులైలో ఒక కమిటీని నియమించి, మొబైల్ ఫోన్లను ప్రాధాన్య రంగాలలో చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న ప్రత్యేక పోర్టల్ ప్రారంభమైంది. ఫోను ఎంత సులభంగా మరమ్మతుకు లొంగుతుందో తెలిపే సూచికపై మరో కమిటీ 2025 మేలో నివేదిక సమర్పించింది. సాఫ్ట్‌వేరు సవరణలను కూడా కొలమానాలలో ఒకటిగా అది పేర్కొంది. యూరోపియన్ యూనియన్ మరింత ముందుకు వెళ్లింది. ఒక మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కనీసం అయిదేళ్లు సాఫ్ట్‌వేరు సవరణలు ఇవ్వాలన్న నిబంధన అక్కడ 2025 జూన్ 20 నుంచి అమలులోకి వచ్చింది.

దొంగల భయం ఉన్నచోట తాళం అవసరమే. దానిని ఎవరూ కాదనరు. కాని ఇల్లు కట్టి అమ్మిన మేస్త్రి తాళంచెవిని తన వద్దే ఉంచుకుని, కప్పు కారుతున్నా రానంటే యజమాని గతేమిటి? సవరణలు అందించినంతకాలం తాళం కంపెనీ చేతిలో ఉండవచ్చు. వాటిని నిలిపివేసిన నాడు తాళంచెవిని యజమానికి అప్పగించడం కనీస ధర్మం. ఢిల్లీ నెహ్రూ ప్లేస్ నుంచి హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ దాకా పాత ఫోన్లకు ప్రాణం పోసే చేతులకు మన దేశంలో కొదవ లేదు. ఆ చేతులకు అవకాశం ఇస్తే సామాన్యుడి సొమ్ము మిగులుతుంది, చెత్తకుప్పల్లో చేరే ఫోన్ల సంఖ్యా తగ్గుతుంది.