మా తమ్ముడి జబ్బు, మా ఆడపిల్లల లెక్క

మా తమ్ముడికి హిమోఫిలియా. రక్తం గడ్డకట్టించే ఎనిమిదో ఫ్యాక్టర్ వాడిలో బాగా తక్కువ. చిన్న దెబ్బకే మోకాలు రక్తం చేరి వాచిపోయేది. రోగం అమ్మ పుట్టింటిదని బంధువులు దెప్పేవాళ్లు. ఎంత అన్యాయం! దాదాపు మూడోవంతు కేసుల్లో వంశంలో ఎవరికీ లేకుండానే జన్యువు కొత్తగా మారిపోతుంది.

ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌ మీద ఉంటుంది. ఆడవాళ్లకి రెండు ఎక్స్‌లు. ఒకటి చెడినా రెండోది చాలావరకు కాస్తుంది. మగవాళ్లకి ఉన్నదే ఒకటి. అమ్మ క్యారియర్ అని పరీక్షలో తేలింది. అంటే పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు రావడానికి, ప్రతి కూతురూ క్యారియర్ కావడానికి సగం అవకాశం. పెద్దవాడికి వచ్చింది కాబట్టి రెండోవాడికి రాదనుకోకూడదు. ప్రతి కాన్పుకీ అదే లెక్క.

పరీక్షకి ముందు, నాకు జబ్బున్న కొడుకు పుట్టే అవకాశం ఎనిమిదింట ఒకటి. నేనూ క్యారియర్నని తేలాక నాలుగింట ఒకటైంది.

తమ్ముడి సంగతి వేరు. తండ్రి కొడుక్కిచ్చేది వై, కూతురికిచ్చేది ఎక్స్. విక్టోరియా రాణి కొడుకు లియోపోల్డ్ ఈ జబ్బుతోనే 1884లో పోయాడు. ఆయన కొడుక్కి రాలేదు. కూతురు ఆలిస్ మాత్రం క్యారియర్, ఆమె కొడుకు రూపర్ట్‌కి వచ్చింది.

తమ్ముడికి ఇద్దరూ ఆడపిల్లలే. ఇద్దరూ క్యారియర్లే, అందులో అనుమానం లేదు. అయినా వాళ్ల ఫ్యాక్టర్ స్థాయి చూపించమని వాడి వెంటపడుతున్నాను. కొందరు క్యారియర్లకి నెలసరిలో, కాన్పులో రక్తస్రావం ఎక్కువవుతుంది.